ఊళ్లో పని లేదు, పొలానికి కూలీ లేడు: రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

నాట్ల రోజుల్లో వరి పండే ఏ ఊళ్లో అడిగినా రైతు చెప్పేది ఒకటే: "కూలోళ్లు దొరకట్లేదు." అదే ఊళ్లో రెండు నెలలు ఆగి కూలి కుటుంబాన్ని అడిగితే "పనెక్కడుంది?" అంటారు. 2023-24 ప్రభుత్వ సర్వే చూస్తే దేశంలో పనిచేసేవాళ్లలో 46 శాతం మంది ఇంకా వ్యవసాయంలోనే ఉన్నారు. ఇంతమంది ఉండగా కొరత ఎందుకన్న ప్రశ్నకు రెండు రెడీమేడ్ జవాబులు తిరుగుతుంటాయి. ఉపాధి హామీ వచ్చి జనం పనికి రావడం మానేశారన్నది ఒకటి, రైతులు గిట్టుబాటు కూలి ఇవ్వరన్నది రెండోది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది గానీ అవి విషయం మొదటికి వెళ్లవు. కొరత ఏడాది పొడవునా ఉండదు, కొన్ని రోజులే ఉంటుంది. ఆ కొన్ని రోజులు ఏటా మరింత ఇరుకవుతున్నాయి. అలా ఇరుకు చేస్తున్నవాటిలో యంత్రాలూ ఉన్నాయి.

లెక్కలో ఎవరున్నారు

ముందు అంకెల చిక్కు విప్పాలి. జనాభా లెక్కల దృష్టిలో వ్యవసాయ కూలీ అంటే ఇంకొకరి భూమిలో డబ్బుకో, ధాన్యానికో, పంటలో వాటాకో పనిచేసే మనిషి. పంట పోయినా వచ్చినా అతనికి నష్టభయం ఉండదు, భూమి మీద కౌలు హక్కూ ఉండదు. 2001లో దేశంలో సాగుదారులు 12.7 కోట్లు, కూలీలు 10.7 కోట్లు. 2011 వచ్చేసరికి సాగుదారులు 11.9 కోట్లకు తగ్గారు, కూలీలు 14.4 కోట్లకు పెరిగారు. తెలుగు నేల మీద ఈ తలకిందులు చాలా ముందే జరిగిపోయింది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగుదారులు 65 లక్షల లోపు ఉంటే కూలీలు సుమారు 1.7 కోట్లు.

ఈ 14.4 కోట్లను ఇంకాస్త విప్పి చూడాలి. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పని దొరికినవాళ్లను మెయిన్ వర్కర్లు అంటారు, అంతకు తక్కువైతే మార్జినల్ వర్కర్లు. 2011 నాటి కూలీల్లో మెయిన్ 8.6 కోట్లయితే మార్జినల్ 5.8 కోట్లు. అంటే పదిమంది కూలీల్లో నలుగురికి ఏడాదిలో సగం రోజులు కూడా పని లేదు. 2021లో జరగాల్సిన గణన జరగలేదు, ఇప్పుడు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగబోతోంది. కాబట్టి ఊరి స్థాయిలో మన దగ్గరున్న పూర్తి లెక్క ఇప్పటికీ 2011దే.

మధ్య కాలానికి ఆధారం పీఎల్ఎఫ్ఎస్ అనే కార్మిక సర్వే. దాని ప్రకారం వ్యవసాయం వాటా 2018-19లో 42.5 శాతానికి దిగి, కరోనా ఏడాదుల్లో 46.5కు ఎగబాకి, 2023-24లో 46.1 దగ్గర నిలిచింది. పట్నం నుంచి తిరిగొచ్చిన జనం మళ్లీ కూలి పనుల్లోకి దిగారని దీన్ని చదివితే పొరపాటే. పల్లెల్లో పనిచేసే మగవాళ్లలో వ్యవసాయం వాటా 2017-18లో 55 శాతం, 2023-24లో 49.4. ఆడవాళ్లలో మాత్రం 73.2 నుంచి 76.9కి పెరిగింది. పైగా 'పనిచేస్తున్నాం' అని లెక్కకెక్కిన ఆడవాళ్ల సంఖ్యే ఈ ఆరేళ్లలో బాగా పెరిగింది. ఈ సర్వేలో ఏడాదికి 30 రోజులు అనుబంధంగా పనిచేసినా కార్మికుల కిందే జమ. ఇంటి పొలంలో కలుపు తీసినా, ఇంటి గేదెలకు గడ్డి కోసినా లెక్కలోకి వస్తారు. 2023-24లో పనిచేసే ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా ఇలా ఇంటి పనిలో జీతం లేని సహాయకులే. అన్ని రంగాలూ కలిపి రోజుకూలీల వాటా అదే కాలంలో 24.9 నుంచి 19.8 శాతానికి పడిపోయింది.

వ్యవసాయంలో జనం పెరిగారన్న మాటా నిజమే, కూలికి వచ్చేవాళ్లు తగ్గారన్న మాటా నిజమే. పెరిగిన భాగం చాలావరకు సొంత మడిలో పనిచేసుకునే ఆడవాళ్లది. ఆవిడ పక్క రైతు పిలిస్తే వస్తుందా అంటే, తన నాట్లయ్యాకే వస్తుంది. అప్పటికి అతని నారు ముదిరిపోతుంది.

వెయ్యి ఎకరాల ఊరు

ఒక ఊరు ఊహించుకుందాం. కాలువ కింద వెయ్యి ఎకరాల వరి, ఏడాదికి రెండు పంటలు, కూలికి వచ్చే ఆడవాళ్లు 300 మంది. నారు పీకి, కట్టలు పంచి, నాటడానికి ఎకరాకు పది పనిదినాలు పడతాయి. కాలువ వదిలాక ఇరవై రోజుల్లో నాట్లు ముగియాలి. వెయ్యి ఎకరాలకు పది వేల పనిదినాలు, రోజుకు 500 మంది కావాలి. ఉన్నది 300. రైతు గగ్గోలు నూటికి నూరుపాళ్లు న్యాయమే.

ఇప్పుడు ఆ 300 మంది వైపు నుంచి చూడండి. రెండు పంటల నాట్లకు కలిపి 20 వేల పనిదినాలు, వాళ్లే మొత్తం నాటినా తలా 67 రోజులు. కోత, కట్టలు కట్టడం, మోయడం, నూర్చడం చేత్తోనే జరిగిన రోజుల్లో ఎకరాకు ఇంకో పదిహేను పనిదినాలు ఉండేవి. అందులో మగవాళ్ల వాటా ఉన్నా, తలా వంద రోజుల దాకా పని అక్కడే పుట్టేది. వరికోత మిషన్ ఆ పదిహేను పనిదినాలను గంట, గంటన్నరలో ముగించేసింది. నాట్ల దగ్గర మాత్రం అవసరం ఒక్క మనిషి కూడా తగ్గలేదు.

రెండు నెలల పని కోసం పన్నెండు నెలలు ఎవరూ ఊళ్లో కూర్చోరు. మగవాళ్లు ముందు మేస్త్రీ పనులకూ, గోదాములకూ, డ్రైవింగ్‌కూ పోయారు. ఆ వెనక కుటుంబాలు పోయాయి. మరుసటి ఏడు నాట్లకు 300 బదులు 220 మందే మిగులుతారు. కోతల్లో మిషన్ తెచ్చిన సుఖానికి బిల్లు నాట్లలో వచ్చిందన్నమాట. ఒక పనిని యంత్రానికి ఇచ్చి పక్క పనిని చేతులకే వదిలేస్తే, వదిలేసిన పనిలో కొరత పెరుగుతుంది. పత్తిలో, మిర్చిలో, చెరకులో ఎక్కడ చూసినా ఇదే వరస.

మిషన్ కోత పనిని పూర్తిగా మాయం చేసిందని కూడా అనలేం, కొంత పనిని కళ్లంలోకి నెట్టింది. చేత్తో కోసి మెదలు ఆరనిచ్చి నూర్చిన ధాన్యం ఆరిపోయే వచ్చేది. మిషన్ కోసిన గింజలో తేమ తరచూ 20 శాతం దాటుతుంది, కొనుగోలు కేంద్రంలో పరిమితి 17. అందుకే రోడ్ల మీద, పరదాల మీద ఆరబోతలు. తిరగేయడానికి, వాన మబ్బేస్తే కుప్ప చేయడానికి మళ్లీ మనుషులే కావాలి. ఈ పని ఏ లెక్కలోనూ విడిగా కనపడదు, ఎక్కువగా ఇంట్లో ముసలివాళ్ల మీద పడుతుంది. పొలం ఆరకుండా చైన్ మిషన్ దింపితే కిరాయి పెరుగుతుంది, టైర్ మిషన్ దింపితే మళ్లు గుంతలు పడతాయి. గడ్డి చెల్లాచెదురై, కట్టలు కట్టే మిషన్‌కు ఇంకో కిరాయి పెట్టాలి.

దినకూలీ పోయి గుత్త వచ్చాక

కొరత ఇరవై రోజులకు కుదించుకుపోతే బేరం చేసే తీరు కూడా మారుతుంది. ఏడాది జీతానికి ఉండే పాలేర్లు దాదాపు కనుమరుగయ్యారు. ఒకరి పొలానికి ఒకరు వెళ్లే బదులు పని చిన్న రైతుల మధ్య అక్కడక్కడా మిగిలింది. నాట్లకు, కోతలకు, ఏరుళ్లకు ఇప్పుడు నడిచేది గుత్తే.

పన్నెండు, పదిహేను మంది ఆడవాళ్ల ముఠా, ముందుండే మేస్త్రి ఒకామె, ఆమె ఫోన్ నంబరు, ఒక ఆటో. ఎకరాకు ఇంత అని మాట. ఆటో కిరాయి రైతు మీదా ముఠా మీదా అన్నది ముందే తేల్చుకోవాలి, చివర్లో తగాదాలు ఎక్కువగా దాని దగ్గరే వస్తాయి. ఉదాహరణకు ఎకరం 5,000 అనుకుంటే, పదిమంది పొద్దున్నే దిగి మధ్యాహ్నానికి ఎకరంన్నర ముగిస్తే తలా 750 పడుతుంది. అదే దినకూలీ 450 అయితే ఎకరంన్నర నాటడానికి ఒకటిన్నర రోజు పట్టేది. రైతుకు ఖర్చులో కొంచెం తేడా, కూలీకి రోజు సంపాదనలో పెద్ద తేడా. అందుకే సీజన్‌లో దినకూలీకి పిలిస్తే పలకరు. ఊరి 'కూలి రేటు' ఎంత అని అడిగి రాసుకునే సర్వేలకు ఈ సంపాదన సరిగా చిక్కదు కూడా.

గుత్తలో నష్టం నాణ్యత దగ్గర కనిపిస్తుంది. వేగం పెరగాలంటే కుదురుకూ కుదురుకూ మధ్య దూరం పెంచడం తేలిక దారి. వానాకాలంలో చదరపు మీటరుకు 33 కుదుళ్లు, యాసంగిలో 44 ఉండాలని వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిఫారసు. అంటే ఒకదానికి 20 × 15, ఇంకోదానికి 15 × 15 సెంటీమీటర్ల దూరం. గుత్త నాట్లలో ఇరవై చిల్లర దగ్గర ఆగిపోయిన మళ్లు ఎన్నో కనిపిస్తాయి. ఆ లోటును తర్వాత యూరియా పూడ్చలేదు. గట్టు మీద నిలబడితే తేడా తెలియదు. పీవీసీ గొట్టంతోనో తాడుతోనో మీటరు చదరం చేసుకుని, ముఠా పని మొదలుపెట్టిన అరగంటలోపు మడి మధ్యలో మూడు చోట్ల వేసి లెక్కపెట్టాలి. మొత్తం నాటాక లెక్కపెట్టి ప్రయోజనం లేదు. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయాలన్న షరతు కూడా బేరంలోనే పెట్టాలి. తాడు పట్టుకుని బాట తీయడానికి సమయం పోతుంది కాబట్టి ముఠా దాన్ని ఇష్టంగా చేయదు, ఎకరాకు ఒక వంద, రెండు వందలు పెంచి అడిగితే చేస్తారు. లోతు రెండు మూడు సెంటీమీటర్లు మించితే పిలకలు ఆలస్యమవుతాయి. ముదురు నారు వంగిపోకుండా ఉండాలని లోతుగా గుచ్చడం మామూలే.

తెలంగాణ వరి జిల్లాల్లో ఈ కొన్నేళ్లుగా బిహార్, పశ్చిమ బెంగాల్ మగ ముఠాలు నాట్లకు వస్తున్నాయి. వాళ్లకు ఇక్కడ ఇల్లూ వంటా పిల్లలూ ఉండరు. పొలం దగ్గరే షెడ్డులో ఉండి పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా దిగుతారు, రోజుకు తలా ఎక్కువ నాటతారు. స్థానిక ఆడవాళ్లు మధ్యాహ్నానికి ఆపేస్తారని సణిగే రైతులు, వాళ్లు ఇంటికెళ్లి ఇంకో షిఫ్టు మొదలెడతారని లెక్కలో వేసుకోరు.

నాట్ల మిషన్ ఎందుకు నిలవడం లేదు

కోత మిషన్ అంత తేలిగ్గా పాతుకుపోయి నాట్ల మిషన్ ఎందుకు పాతుకుపోలేదు? కోత మిషన్‌కు రైతు ఫోన్ చేస్తే చాలు. నాట్ల మిషన్‌కు రైతు రెండు వారాల ముందు నుంచే సిద్ధపడాలి.

మిషన్‌కు మామూలు నారు పనికిరాదు. ట్రేలలో చాపలా పెంచిన నారు కావాలి, వయసు 15 నుంచి 18 రోజులు. ఎకరాకు 80 నుంచి 100 ట్రేలు. మట్టిని జల్లించి రాళ్లు, వేర్లు లేకుండా నింపి, విత్తనం సమానంగా చల్లాలి. ఒక మూల పలచబడితే పొలంలో ఆ మేరకు వరుసలో ఖాళీలు పడతాయి. దమ్ము చేశాక బురద ఒకటి రెండు రోజులు పేరుకోవాలి. పేరుకోకుండా మిషన్ దింపితే బురద కదిలి, నాటిన మొక్కలు పక్కకు పడిపోతాయి. నీరు సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు మించితే తేలిపోతాయి. మడి ఎగుడుదిగుడుగా ఉంటే ఒకే మడిలో రెండు సమస్యలూ కనిపిస్తాయి.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు తేదీ. కూర్చుని నడిపే మిషన్ రోజుకు ఐదెకరాలు నాటుతుందనుకుంటే, రోజూ 400 నుంచి 500 ట్రేలు సరిగ్గా అదే వయసులో అందాలి. అంటే నారు కూడా రోజుకు కొంత చొప్పున, రాబోయే మిషన్ రూటు చూసుకుని పోయాలి. కాలువ నీళ్లు వారం ఆలస్యమైతే ఆ ట్రేలన్నీ ముదిరిపోతాయి. మామూలు నారైతే ముదిరినా కొసలు తుంచి నాటేస్తారు, ట్రే నారుకు ఆ వెసులుబాటు లేదు. మిషన్ సబ్సిడీకి కొని షెడ్డులో పెట్టిన చోట్ల తరచూ లోపించింది నారు ఏర్పాటే. బోరు కింద, నీళ్లు తన చేతిలో ఉన్న రైతుకు ఈ మిషన్ బాగా కుదురుతుంది. కాలువ చివరి భూములకు కుదరదు.

ఇంకో దారి నాట్లు లేకుండానే విత్తడం. వెదజల్లడం, లేదా డ్రమ్ సీడర్, అంటే రంధ్రాలున్న డ్రమ్ములను లాగుతూ వరుసల్లో విత్తే పరికరం. విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి, ఇంకో 24 గంటలు మండె కట్టి (తడి గోనెలో మూటగట్టి మొలకెత్తనిచ్చి), ముక్కు పగలగానే వాడాలి. మొలక పొడవైతే డ్రమ్ము రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. పది పనిదినాలు మిగిలినట్టే గానీ కలుపు రూపంలో సగం వెనక్కి వస్తాయి. నిలవ నీరు అణచిపెట్టే గడ్డి అంతా ఇక్కడ వరితో పాటే మొలుస్తుంది. కలుపు మందు సమయం తప్పితే, కూలీల కోసం వెతకడం నెల రోజులు వాయిదా పడింది, అంతే.

పత్తి, మిర్చి

ఈ రెండు పంటల్లో ఏరడం, కోయడం ఇప్పటికీ చేతుల మీదే. మన పత్తి మొక్క గుబురుగా పెరిగి కాయలు నెలల తరబడి విడతలు విడతలుగా పగులుతాయి. ఏరే మిషన్‌కు కాయలన్నీ ఒకేసారి పగలాలి, ఆకు రాలిపోవాలి, మొక్క పొట్టిగా నిటారుగా ఉండాలి. అందుకే ముందు మొక్కనే మార్చాలని అధిక సాంద్రత సాగు తెచ్చారు. 90 × 60 సెంటీమీటర్ల దూరంలో ఎకరాకు ఏడున్నర వేల మొక్కలు పడితే, 90 × 15లో ముప్పై వేలు. విత్తన ఖర్చు నాలుగింతలు, పెరుగుదల అదుపు చేసే మందు అదనం. వాన ఎక్కువైన ఏడు మొక్కలు కమ్ముకుంటే గాలి ఆడదు, కాయ కుళ్లుతుంది.

అందాకా కిలోకు ఇంత చొప్పున ఏరిస్తున్నారు. మొదటి విడతలో కిలో రేటు కూలీకి లాభం, చివరి విడతలో చెట్టంతా వెతికినా సంచి నిండదు కాబట్టి అప్పుడు దినకూలీ అడుగుతారు. ఇద్దరి వైపు నుంచీ సబబే. తూకం మీద డబ్బు కనుక మంచు ఆరకముందే ఏరడం, ఆకు, తొక్క కలిసిపోవడం జరుగుతాయి. ప్రభుత్వ రంగ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం దాటితే కోత పడుతుంది, 12 దాటితే కొనరు. పొద్దున తొమ్మిది దాకా ఆగితే ఏరేవాళ్ల సంపాదన తగ్గుతుంది, ఆగకపోతే రైతుకు ధర తగ్గుతుంది. కిలో రేటు కాస్త పెంచి ఆలస్యంగా దించడం చాలాసార్లు చౌక.

పత్తిలో కలుపు కూలి ఎక్కడికి దారితీసిందో వేరే చెప్పాలి. అనుమతి లేని, గడ్డి మందును తట్టుకునే విత్తనాలు బీజీ-3 అన్న పేరుతో పల్లెల్లోకి పాకాయి. 2022లో ఆ గడ్డి మందు గ్లైఫోసేట్ వాడకాన్ని కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది, దాడులు, కేసులు నడుస్తూనే ఉన్నాయి. కానీ ఎకరా కలుపుకు రెండు మూడు విడతలు కూలీలను వెతకలేని రైతు ఉన్నంత కాలం ఆ విత్తనానికి గిరాకీ పోదు. దీన్ని విత్తన నేరంగానే చూస్తున్నారు, కూలీ మార్కెట్ సమస్యగా చూడటం లేదు.

మిర్చి కోతలకు కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి గుంటూరు, పల్నాడు వైపు కుటుంబాలకు కుటుంబాలే వలస వెళ్తాయి. పిల్లల చదువు ఆ నెలలు ఆగిపోతుంది. పక్క మండలం పనులకు ట్రాక్టర్ ట్రాలీల్లో, ఆటోల్లో కిక్కిరిసి వెళ్లడం ఇంకో ముప్పు. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ట్రాక్టర్ కాలువలో పడి మిర్చి పనికి వెళ్తున్న మహిళా కూలీలు చనిపోయారు. వ్యవసాయానికని బీమా చేసిన ట్రాలీలో మనుషులను ఎక్కిస్తే పరిహారం దగ్గర చిక్కు వస్తుంది. ఆటో కిరాయి పంచుకునేటప్పుడు ఈ సంగతి ఎవరూ ఎత్తరు.

ఉపాధి హామీ మీద నింద ఎంతవరకు నిజం

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పథకం ఇది. తెలుగు రాష్ట్రాల్లో దీని పనులు ఎక్కువగా జరిగేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా, అంటే నాట్లకు ముందే. ఢీకొనేది మిర్చి చివరి కోతలతో. దాని అసలు ప్రభావం వేరే చోట ఉంది: ఇంతకంటే తక్కువకు రానని చెప్పే ధైర్యం, ముఖ్యంగా ఆడవాళ్లకు, దానివల్ల వచ్చింది. 2025-26లో రెండు రాష్ట్రాల్లోనూ దాని కూలి రోజుకు 307 రూపాయలు. సీజన్‌లో గుత్త సంపాదన దీనికి రెండింతలు ఉన్నప్పుడు, దీనికోసం నాట్లు మానేస్తారన్న వాదన నిలవదు.

ఉపాధి హామీ స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వీబీ-జీ రామ్ జీ చట్టం పనిదినాలను 125కు పెంచింది. విత్తే, కోసే రోజుల్లో మొత్తం 60 రోజులు పనులు జరగకుండా రాష్ట్రాలు ముందే ప్రకటించాలంది. డెల్టా నాట్లు, పాలమూరు పత్తి, రాయలసీమ వేరుశనగ ఒకే తేదీల్లో ఉండవు. తేదీలు మండలం వారీగా పెట్టకపోతే ఒకచోట పొలం పనీ లేక, ప్రభుత్వ పనీ లేక కూర్చునే రోజులు వస్తాయి.

రైతు ఒకవైపు, కూలీ ఒకవైపు అన్న గీత కూడా చెరిగిపోతోంది. 2018-19లో వ్యవసాయ కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలు. అందులో పంట మీద వచ్చింది 3,798, కూలి, జీతాల మీద వచ్చింది 4,063. అంతకు ఆరేళ్ల ముందు పంటదే పైచేయి. కూలి రేటు పెరిగితే నష్టపోయే రైతు కుటుంబం, అదే కూలి, జీతాల మీద నూటికి నలభై పాళ్లు బతుకుతోంది.

2027 గణన ఫలితాలు వచ్చాక కూలీల మొత్తం పెరిగిందా తగ్గిందా అన్న మాటే పత్రికల్లో మొదట వస్తుంది. దానికంటే ముందు మీ మండలం పట్టికలో రెండు గళ్లు చూడండి: వ్యవసాయ కూలీల్లో మార్జినల్ వాటా ఎంత, అందులో ఆడవాళ్లు ఎంత. మొత్తం తగ్గి మార్జినల్ వాటా పెరిగి ఉంటే, ఆ మండలంలో నాట్ల ముఠాను నారు పోసిన రోజే మాట్లాడుకోవాలి.